పది నెలల అడ్వాన్సు మన తెలుగువాళ్లకే అడ్డుగోడ



చెన్నైలో మనం ఇప్పటికీ స్లమ్ బోర్డు అని పిలిచే సంస్థ, తాను ఎప్పుడో కట్టిన పాత బ్లాకులను కూల్చి కొత్తవి కడుతోంది. కొత్త ఇల్లు చేతికొచ్చేదాకా అక్కడి కుటుంబాలు బయట అద్దెకుండాలి. అందుకు ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి ఇచ్చే సహాయం 24,000 రూపాయలు. అంతకుముందు 8,000 ఉండేది. పెంచడం మంచిదే. కానీ కట్టడానికి ఏడాదిన్నర పడితే నెలకు 1,333 రూపాయలే. ఆ డబ్బుకు ఈ ఊళ్లో ఏం దొరుకుతుందో మనకు తెలుసు.

ఈ బ్లాకుల్లో తరతరాలుగా నగర పారిశుధ్య పని చేస్తున్న తెలుగు కుటుంబాలున్నాయి. మన సంఘంలో పోర్షన్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు. అందుకే ఈ మాట మన మధ్యే అనుకోవాలి.

అద్దెకన్నా పెద్ద అడ్డు అడ్వాన్సు. ఆరు వేల అద్దెకు పది నెలలంటే 60,000. ప్రభుత్వం ఇచ్చింది అందులో సగం కూడా కాదు. మిగతాది వడ్డీకి తేవాలి. 2019లో అమల్లోకొచ్చిన రాష్ట్ర అద్దె చట్టం, వేరే ఒప్పందం లేకుంటే మూడు నెలల అద్దెకు మించి తీసుకోవద్దంటుంది. ఆ మూడు నెలలే మనకూ చాలు.

"ఖాళీ చేయకపోతే?" అని ఓనర్ల భయం. ఒప్పందం రాసుకుని రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయిస్తే గడువూ అద్దే కాగితం మీద ఉంటాయి. రెండు నెలల అద్దె బాకీపడి, నోటీసిచ్చినా కట్టకపోతే రెంట్ కోర్టుకు వెళ్లవచ్చు. అయినా, సొంత ఇల్లు రాబోతున్నవాళ్లు మన పోర్షన్లో ఎందుకు పాతుకుపోతారు?

పైకి చెప్పని కారణం ఇంకొకటుంది. "ఏం పని చేస్తారు?" అని అడగడం, జవాబు విన్నాక "ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చేశాం" అనడం. ఉగాది వేదిక మీద మనమంతా తెలుగువాళ్లం అని, గుమ్మం దగ్గర కులం చూడటం ఏం న్యాయం?

సొంత ఇళ్లున్న సభ్యులను మేం కోరేది ఇంతే. ఈ కుటుంబాలు అడిగితే మూడు నెలల అడ్వాన్సుకే ఇవ్వండి. ఒప్పందం తప్పక రాయించుకోండి. కాగితాల పని తెలియనివారికి, ఓనరుకైనా అద్దెకొచ్చేవారికైనా, సంఘం తరఫున మనం తోడుండి చేయించాలి. వచ్చే సమావేశంలో ఇది చర్చకు పెడదాం. ఖాళీగా ఉన్న పోర్షన్ల వివరాలతో రండి.