డ్రైవింగు పుస్తకాల ముఖచిత్రాలు

ముఖచిత్రాన్ని గూర్చి మన సాహిత్యలోకంలో జరిగిన చర్చ అంతా నవలలకూ, పత్రికలకూ సంబంధించినదే. బాపుగారి గీతను, వడ్డాది పాపయ్యగారి వర్ణాలను మెచ్చుకొనని తెలుగు పాఠకుడు అరుదు. కాని మోటారు నడపటం నేర్పే పుస్తకపు అట్టను పరిశీలించినవారు ఎందరు? మనిషి ప్రాణంతో ముడిపడిన ఆ పుస్తకానికే నా దృష్టిలో ఎక్కువ శ్రద్ధ అవసరం.

ఇట్టి వాటిలో పేరెన్నికగన్నది బ్రిటనులో 1931లో వెలువడిన ‘హైవే కోడ్’. వెల ఒక పెన్నీ. అట్టపై మోటారు బొమ్మ లేదు. పుస్తకం పేరు, దానిని వెలువరించిన రవాణామంత్రి అధికార ప్రకటన, అంతే. చూపునకు కోర్టు కాగితం వలె ఉన్న ఆ నిరాడంబరతలో ఒక న్యాయం కలదు. అది కారు యజమానికి మాత్రమే వ్రాసినది కాదు. పాదచారికి, సైకిలుపై పోయేవానికి, గుర్రపుబండి తోలేవానికి కూడా అందులో నియమాలున్నవి. కొరడాతో సంజ్ఞ చేయవలసిన తీరు సైతం చెప్పినారు. అట్టపై కారు వేసి ఉంటే తక్కినవారందరూ అది తమ పుస్తకం కాదనుకొనేవారు.

కంపెనీలు కారుతోపాటు ఇచ్చే పుస్తకాల సంగతి వేరు. వాటి అట్ట కొన్నవానిని మరల మురిపించుటకే!

మన హైదరాబాదు రాష్ట్రంలో 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ప్రారంభించింది. నాటి పాలనాభాష ఉర్దూ, ఈ ప్రాంతపు పల్లెల భాష తెలుగు. కాబట్టి ఇక్కడ ఇట్టి పుస్తకంపై రెండు లిపులూ ఉండుట అలంకారం కాదు, అవసరం.

నేడు నేను దుకాణాలలో చూచిన తెలుగు డ్రైవింగు గైడ్లపై ఏమున్నది? మెరిసే విదేశీ కారు, నిర్జనమైన రహదారి, అంచున కొన్ని త్రికోణాలు. ఆ రహదారి ఏ దేశానిదో గాని తల్లాడది మాత్రం కాదు. ఖమ్మం, సత్తుపల్లి, కొత్తగూడెం దారులు కలిసే మన కూడలిలో లారీ, ఆటో, ట్రాక్టరు, మేకల మంద, బడిపిల్లలు అందరూ ఒక్కసారే ఎదురవుతారు. పుస్తకం తెరువకముందే ఆ అట్ట కుర్రవానికి దారి నీ ఒక్కనిదే అని బోధిస్తున్నది. పరీక్ష ముగియగానే లోపలి గుర్తులు మరచిపోవచ్చు. ఆ బొమ్మ మరువడు.

బొమ్మ లేని పుస్తకం అమ్ముడుపోదని వర్తకులు అంటారు. నిజమే కావచ్చు. అయితే మన బొమ్మే వేయరాదా? మన విద్యార్థులలో చిత్రలేఖనం ఎరిగినవారున్నారు. వచ్చే సంచికకు అట్టి ముఖచిత్రం ఒకటి గీయించుటకు కమిటీవారు సమ్మతింతురని ఆశిస్తున్నాను: స్టీరింగు వెనుకనుండి కనిపించే తల్లాడ కూడలి, సంచి తగిలించుకొని దారి దాటుతున్న బాలిక, పైన ఉర్దూలోనూ తెలుగులోనూ పేరు. కారు కనిపించనక్కరలేదు.