ఆ జన్నత్‌లో పరుపులు ఎవరు సర్దుతారు?



2020 జూన్‌లో మన ఫోన్లు ఎట్లా మోగినాయో యాద్ ఉందా? పబ్జీ మొబైల్‌లో బొమ్మ ముందు మోకరిల్లితే తాకత్ వస్తుందంట, షిర్క్, షిర్క్ అని చిత్తూరు నుంచి మదనపల్లె దాకా ఒకటే ఫార్వర్డులు. కువైట్‌లో, సౌదీలో ఎతరాజ్ లేచింది. కంపెనీ మాఫీ అడిగి దాన్ని తీసేసింది. మనం అల్‌హందులిల్లాహ్ అనుకుని ఫోన్ మళ్లీ పిల్లోడి చేతికిచ్చేసినాం.

ఎతరాజ్ సహీయే. కాని అది సులువైన ఎతరాజ్. బొమ్మ కంటికి కనబడుతుంది, వేలు చూపించొచ్చు. కనబడనిదాని సంగతేంది?

ఆ బొమ్మను పెట్టింది సాన్‌హాక్ అనే దీవిలో. నాలుగు కిలోమీటర్ల పొడుగు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు, పచ్చటి అడవి. అందులో ఒక పెద్ద హోటల్. పేరు పారడైజ్ రిసార్ట్, అంటే మన జుబాన్‌లో జన్నత్. గదులున్నాయి, వరండాలున్నాయి, మెట్లున్నాయి. మనుషులు లేరు. వంటవాడు లేడు, ఊడ్చేవాడు లేడు, పడవ నడిపేవాడు లేడు. పైనుంచి వంద మంది దూకుతారు, ఒకరినొకరు కాల్చుకుంటారు. అక్కడ ఎదురుపడిన మనిషి మన జట్టువాడు కాకపోతే దుష్మన్, అంతే.

"ఆటే కదా భాయ్, ఆటలో చీపురు పట్టిన మనిషిని పెట్టమంటారా?" అని ఒక దోస్త్ నవ్వినాడు. పెట్టమని కంపెనీని అడగడం లేదు. అడిగేది మనల్నే.

నా భాంజాకు పద్నాలుగేళ్లు. ఆ రిసార్ట్‌లో ఏ గదిలో తుపాకీ దొరుకుతుందో కళ్లు మూసుకుని చెప్తాడు. వాడి అబ్బా, మా దుల్హాభాయ్, కువైట్‌లో ఒక హోటల్‌లో గదులు శుభ్రం చేస్తాడు. దుప్పట్లు మారుస్తాడు, బాత్‌రూములు కడుగుతాడు. "మీ అబ్బా ఏం పని చేస్తాడు రా?" అంటే వాడు "హోటల్‌లో" అని ఆపేసినాడు. తెలియక కాదు, షరమ్.

ఆ షరమ్ నేర్పింది గేమ్ కాదు, మనమే. పీలేరు, రాయచోటి, మదనపల్లె వైపు ఎన్ని ఇళ్లు గల్ఫ్ కమాయీతో లేచినాయో అందరికీ తెలుసు. షాదీకి వచ్చినాయన అత్తరు పూసుకుని, వాచీ పెట్టుకుని కనబడతాడు. అక్కడి మెహనత్ గురించి ఎవరూ నోరు విప్పరు. కూలివాడి చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వమని నేర్పిన దీన్ మనది. ఆ చెమటనే పిల్లలకు దాచి పెడుతున్నాం. ఇక మనుషుల్లేని హోటల్ వాడికి వింతగా ఎట్లా తోస్తుంది?

2020 సెప్టెంబర్ 2న సర్కార్ పబ్జీతో సహా 118 యాప్‌లను బంద్ చేసింది, దేశ భద్రత పేరుతో. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అనే కొత్త పేరుతో తిరిగొచ్చింది. బంద్ మీద భరోసా పెట్టుకున్న అమ్మీలు అది చూసుకోండి.

మా ఆపాకు ఒకటే చెప్పినాను. కొత్త పాస్ కొనడానికి వాడు పైసలడిగితే నువ్వు ఇవ్వద్దు, కసరనూ వద్దు. అబ్బానే అడగమను, వీడియో కాల్‌లో. మనకు రాత్రి తొమ్మిదైతే అక్కడ ఆరున్నర. దుల్హాభాయ్ ఇంకా యూనిఫాంలోనే ఉంటాడు.