గాబ్లిన్లు ఎన్ని అనేది రెండో ప్రశ్న

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించే మనోళ్లలో చాలామంది ముందురోజు రాత్రి చేసే పని ఒకటే. రాక్షసుల లిస్టు తెరిచి, పార్టీకి ఏది సరిపోతదో లెక్క వేయడం. నేనైతే ఆ లిస్టు చివర్ల తెరవాలంటాను. ముందు టేబుల్ చుట్టూ ఎవరు కూర్చుంటున్నరో చూడాలె.

(ఆట తెలియనివాళ్లకు: గేమ్ మాస్టర్ కథ చెప్తూ అడ్డంకులు పెడతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్రగా ఏం చేస్తారో చెప్తారు. అయిందా లేదా అన్నది ఎక్కువగా ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.)

లెక్క దండగ అనడం లేదు. 2014 రూల్స్ ప్రకారం మొదటి లెవెల్ పాత్రలు నలుగురికి 400 ఎక్స్‌పీ పోరాటమంటే 'డెడ్లీ'. గాబ్లిన్‌కు 50. నాలుగైతే 200, మీడియమే కదా అనుకుంటాం. కానీ శత్రువులు మూడు నుంచి ఆరు దాకా ఉంటే రెండుతో గుణించాలి. అంటే 400! ఒక్కో రౌండ్‌లో నాలుగు దెబ్బలు పడతయ్ మరి. 2024 గైడ్‌లో ఈ గుణకారం తీసేశారు గానీ, గుంపు గుంపే.

తమాషా ఏందంటే, 2014లోనే వచ్చిన స్టార్టర్ సెట్ కథ 'లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్'లో మొదటి పోరాటమే దారికాచిన నాలుగు గాబ్లిన్లతో. కొత్తోళ్ల కోసం రాసిన కథ అది! అయితే పార్టీ ఓడితే ఏం జరగాలో కూడా అందులోనే రాసి ఉంది. గాబ్లిన్లు చంపవు, స్పృహతప్పినవాళ్లను అక్కడే వదిలి సామాను దోచుకుపోతయ్. ఓడినా కథ నడుస్తది. ఏ పట్టికా ఈ సంగతి చెప్పదు.

మన బేతాళుడు ఇంకో మెట్టు పైన. విక్రమార్కుడి మీదికి కత్తి దూస్తే నిమిషంలో అయిపోయేది. రాజు బలం తీర్పు చెప్పడం కాబట్టి ఉచ్చు అక్కడే పెట్టాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది.

ఇక మన హాస్టళ్ల సంగతి. జగిత్యాలలోనో సిరిసిల్లలోనో ఐదుగురు కూర్చుంటే, ఇద్దరు యూట్యూబ్‌లో 'క్రిటికల్ రోల్' చూసి వచ్చినవాళ్లుంటారు. డైలాగులన్నీ వాళ్లవే, అదీ ఇంగ్లిష్‌లో. తెలుగు మీడియం నుంచి వచ్చినోళ్లు పాచిక వేసి, 'అటాక్' అని ఊకుంటారు. రెండోవారం రారు. 'ఇంట్రెస్ట్ లేదు వాళ్లకు' అని మనం తేల్చేస్తాం. వాళ్లకు తెలిసిన పని ఒక్కటైనా కథలో పెట్టామా?

సాంచాల చప్పుడు మధ్య పెరిగిన సిరిసిల్ల పిల్లగాడు ఉన్నాడనుకోండి. ఊరిలో సాంచాలన్నీ ఆగిపోయినయ్, తాళం వేసిన ఒక్క షెడ్డులో మాత్రం నడుస్తున్నయ్. ఆ చప్పుడులో తేడా ఏందో చెవితో పట్టేది ఎవరు? కోరుట్ల పసుపు రైతు బిడ్డ ఉంటే, తూకంలో మాయ చేసే వ్యాపారిని పెట్టండి. బేరం ఆమె తెలుగులోనే ఆడనియ్యండి. తేలికేం కాదు, పాచిక తిరగబడితే బేరం చెడుతుంది. మిగతావాళ్లు ప్రేక్షకులు కాకుండా ఇంకో దారి కూడా ఉంచాలె.

ఒక్కటి మాత్రం వద్దు. సిరిసిల్ల అనగానే నేతన్నల అప్పులు, ఆత్మహత్యలు కథలో దూర్చే ఉత్సాహం కొందరికి ఉంటది. మనకు అది ప్లాట్, ఎదుటోడికి ఇల్లు కావచ్చు. ఆటకు ముందే ఒక్కొక్కరిని విడిగా అడగండి, 'నీకు ఏది వద్దు?' అని.

గాబ్లిన్లంటారా, మొదటిరోజు మూడు చాలు. 50ని మూడుతో, మళ్లీ రెండుతో గుణిస్తే 300. 'హార్డ్' అంటది పుస్తకం. పారిపోవడానికి ఒక దారి కూడా మ్యాప్‌లో గీసి పెట్టండి.