ఇంటిగుట్టు లంకకు చేటా?

“ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెత మన యిండ్లలో పసిపిల్లలకు సైతము తెలియును. యుద్ధకాలమున ప్రభుత్వ రహస్యములను పత్రికల కందించినవాడు ఎవడైనను దేశద్రోహియే యని వాదించువారు దీనినే ప్రమాణముగా చూపుచున్నారు. సామెతను మేమును గౌరవింతుము. కాని లంక చెడినది విభీషణుని మాటవలననా, రావణుని చేతవలననా? విభీషణుడు గడప దాటుటకు ముందు నిండుసభలో హితము చెప్పెను; రాజు వినక అవమానించెను. ఈ ముందుకథను మఱచి వెనుకకథను మాత్రమే వల్లించుట న్యాయము కాదు.

అమెరికా వియత్నాములో చేసిన యుద్ధమును చూడుడు. 1967లో రక్షణమంత్రి రాబర్ట్ మెక్నమారా ఆ యుద్ధముయొక్క పూర్వచరిత్రను వ్రాయింపగా, అది 47 సంపుటములై సుమారు 7,000 పుటలకు పెరిగెను. దానిపై అత్యంత రహస్యమను ముద్ర పడెను. అందేమున్నది? విజయము సందేహమని లోపల నెఱిగియు వెలుపల ధైర్యవచనములు పలుకుట, యుద్ధమును పెంచబోమని 1964 ఎన్నికలలో చెప్పుచు లోలోన అందుకు సన్నాహములు చేయుట, ఉత్తర వియత్నాము తీరముపై జరిపించిన దాడులను ప్రజలకు దాచుట. ఈ రహస్యములు ఏ శత్రువునుండి దాచబడినవి? తమపై దాడి జరిగిన సంగతి వియత్నామువారికి తెలియదా? తెలియనివారు అమెరికా ప్రజలే గదా!

ఆ గ్రంథరచనలో పాల్గొనిన డానియల్ ఎల్స్‌బర్గ్ 1969లో దానికి ప్రతులు తీసెను. ఆయన మొదట పత్రికవద్దకు పరుగెత్తలేదు. సెనేటు సభ్యులైన ఫుల్‌బ్రైట్, మెక్‌గవర్న్ గార్లను ఆశ్రయించెను. వారు వెల్లడింపకపోగా, తుదకు పత్రికను చేరెను. సంధిరాయబారములను గూర్చిన 4 సంపుటములను మాత్రము పత్రికలకు ఈయలేదు. 1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ ప్రచురణ మొదలుపెట్టెను. ప్రభుత్వము న్యాయస్థానముద్వారా దానిని ఆపించగా, జూన్ 30న సుప్రీముకోర్టు 6 గురు ఒకవైపు, 3 గురు ఒకవైపుగా పత్రికలపక్షమున తీర్పు చెప్పెను. ఎల్స్‌బర్గ్‌పై మోపిన నేరములు ఋజువైనచో 115 ఏండ్ల చెఱ పడియుండెడిది. కాని ప్రభుత్వపు మనుష్యులే ఆయన మానసిక వైద్యుని కార్యాలయమున దొంగలవలె జొరబడిన సంగతి బయటపడగా, 1973లో న్యాయాధిపతి అభియోగమును కొట్టివేసెను. ఆ యుద్ధమున 58,000కు పైగా అమెరికా సైనికులును, లక్షలకొలది వియత్నాము ప్రజలును మడిసిరి. ద్రోహమెవరిదో చదువరులే నిర్ణయింతురుగాక.

అట్లని రహస్యమన్నదే కూడదని మేము చెప్పము. 1942 జూన్‌లో మిడ్వే యుద్ధానంతరము, జపాను నౌకాబలపు పన్నాగము అమెరికా నావికాదళమునకు ముందే తెలిసియుండెనని షికాగో ట్రిబ్యూన్ ప్రకటించెను. శత్రువు తన సంకేతలిపి చిక్కిపోయినదని గ్రహించి దానిని మార్చినచో, నావికు లెందఱి ప్రాణములు పోయెడివో! అట్టి వార్తను మేము సమర్థింపజాలము. సైనికుని ప్రాణమును కాపాడు రహస్యము వేఱు. మంత్రి పరువును కాపాడు రహస్యము వేఱు. రెంటికిని ఒకే తాళము వేయుటయే తప్పు.

మన దేశమున 1923లో ఆంగ్లప్రభుత్వము చేసిన అధికార రహస్యముల చట్టము స్వాతంత్ర్యానంతరమును నిలిచియున్నది. పాలితులను నమ్మని పరప్రభుత్వమునకు అట్టి చట్టము తగును. పాలితులే ప్రభువులైన దేశమునకు తగునా? 2005 నాటి సమాచారహక్కు చట్టము ఆ పాత చట్టమెట్లున్నను, హానికంటె ప్రజాహితము మిన్నయైనప్పుడు సమాచారము ఈయవచ్చునని చెప్పినది. అర్జీ పెట్టినవానికి అధికారి ఈయదగిన సత్యమును, అంతరాత్మ ప్రబోధముచే ఉద్యోగి తానై చెప్పినచో చెఱసాలయా? ప్రజాహితమే తన ఉద్దేశమని న్యాయస్థానమున ఋజువుచేసికొను అవకాశమును ఆ పాత చట్టములో చేర్పవలెనని మేము కోరుచున్నాము.

ఇంటి యజమాని నగలపెట్టె తాళపుచెవిని దాచినచో ఇల్లాలు మెచ్చుకొనును. ఇల్లు తాకట్టుపెట్టిన పత్రమును దాచినచో మెచ్చుకొనదు. కన్నకొడుకును రణరంగమునకు పంపు తల్లి సైన్యము ఏ దారిన నడచునో అడుగుట లేదు. తన బిడ్డను ఎందులకు పంపుచున్నారో నిజము చెప్పుమని మాత్రమే అడుగుచున్నది. ఆ ప్రశ్నకు బదులు చెప్పువానిని ద్రోహి యనుట మాని, దాచినవానిని సంజాయిషీ అడుగుట నేర్చుకొందము.