పేరు కొట్టేస్తే పద్దులు పోకూడదు

మార్కాపురం, కంభం, గిద్దలూరు వ్యాపారస్తులకూ, వాళ్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే మన ఊళ్ల కుర్రవాళ్లకూ విజ్ఞప్తి.

పలకల ఫ్యాక్టరీ కంప్యూటర్లో ఒక డీలరు పేరు రెండుసార్లు ఎక్కిందనుకోండి. గుమాస్తా ఒకటి డిలీట్ చేస్తాడు. తీరా చూస్తే ఇన్వాయిసులు, రశీదులు, రావలసిన బాకీ అన్నీ ఆ పేరు కిందే ఉన్నాయి. అన్నీ పోతాయి. పాత ఖాతా పుస్తకంలో అయితే పేరు మీద అడ్డగీత పడేది, పద్దు మాత్రం కళ్లెదుటే ఉండేది.

తప్పు గుమాస్తాది కాదు, ప్రోగ్రాములో పెట్టిన క్యాస్కేడ్‌ది, అంటే పై వరుసతో పాటే కింది వరుసల్నీ తీసేయమనే ఆదేశానిది. డీలర్ల టేబుల్‌కూ ఇన్వాయిసుల టేబుల్‌కూ బంధం రాసేటప్పుడే, పై వరుస పోతే కింది వరుసల్ని ఏం చేయాలో ఓఆర్ఎంకు (ప్రోగ్రాముకూ డేటాబేసుకూ మధ్య నడిచే పొరకు) చెప్పాలి. 2017 చివర్లో 2.0 వెర్షన్ వచ్చేదాకా జాంగో ఓఆర్ఎంలో ఏమీ చెప్పకపోతే క్యాస్కేడే. ఆ తరవాత ఏదో ఒకటి రాసి తీరాలన్నారు. మంచిదే. కానీ చేతి అలవాటు మళ్లీ క్యాస్కేడే రాయిస్తుంది. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో ఫారిన్ కీ తప్పనిసరైన చోట చెప్పకపోతే ఇప్పటికీ అదే. హైబర్నేట్ వాడేవాళ్లు 'క్యాస్కేడ్‌టైప్ ఆల్' అని రాస్తే సేవ్‌తో పాటు రిమూవ్ కూడా వచ్చి చేరుతుంది. దాన్ని ఇన్వాయిసు వైపు పెట్టారో, ఒక్క బిల్లు తీయబోతే ప్రోగ్రాము డీలరునే తీసేయబోతుంది!

జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రంగా ఉంచాలి. అధికారి అడిగితే 'డీలరుతో పాటే పోయాయండీ' అంటే వింటాడా?

ట్రిగ్గర్లు (వరుస మారినప్పుడు డేటాబేసులో వాటంతటవే నడిచే ఆదేశాలు) లాగ్ రాస్తాయిలే అనుకోవద్దు. మైఎస్‌క్యూఎల్ 8.0లో డేటాబేసే క్యాస్కేడ్ చేసి తీసేసిన వరుసలకు ట్రిగ్గర్లు కదలవు. లాగ్‌లో డీలరు ఒక్కడే కనిపిస్తాడు.

క్యాస్కేడ్ అసలే వద్దనడం లేదు. చిత్తు ఆర్డరుకూ దాని లైన్లకూ పెట్టుకోండి. ఆర్డరే పోయాక పలకల సైజు, డజన్లు రాసిన వరుసతో పనేముంది? డబ్బు చేతులు మారిన చోట మాత్రం ప్రొటెక్టే పెట్టాలి: కింద ఒక్క ఇన్వాయిసు ఉన్నా డిలీట్ ఆగిపోవాలి. ఇన్వాయిసులో డీలరు గడిని ఖాళీ చేసే సెట్ నల్ చాలదా అంటారా? బాకీ మిగులుతుంది, ఎవరి బాకీయో తెలియదు.

డీలరు వ్యాపారం మానేస్తే ఆ పేరును తీసేయకుండా, ఇప్పుడు లావాదేవీలు లేవని గుర్తు పెట్టండి. పేరు రెండుసార్లు ఎక్కితే ముందు ఇన్వాయిసుల్ని అసలు పేరు కిందికి మార్చి, ఖాళీ అయిన పేరును ఆ తరవాత తీసేయండి. ఇది మనకు కొత్తేమీ కాదు: 1970లో మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లా వదిలి ఒంగోలు జిల్లాలో చేరినప్పుడు మన ఊళ్లూ పొలాల లెక్కలూ మాయమైపోలేదు, పైనున్న జిల్లా పేరు మాత్రమే మారింది.

వ్యాపారస్తులారా, సాఫ్ట్‌వేర్ తాలూకు చివరి వాయిదా కట్టే ముందు డేటాబేసుకు నకలు తీయించండి. ఆ నకలులో మీ డీలర్లలో అందరికంటే పెద్దవాడి పేరును మీ ఎదుటే డిలీట్ కొట్టమనండి. 'ఈ పేరు కింద ఇన్వాయిసులున్నాయి, కుదరదు' అని ప్రోగ్రాము మొండికేస్తేనే డబ్బు ఇవ్వండి.