కాలితో గమకం

ఎలక్ట్రిక్ గిటారు కొనిస్తే ఖర్చు తీరిందనుకోవడం తండ్రుల భ్రమ. ఆ తరువాత కుర్రవాడు కాలితో నొక్కే పెట్టె కావాలంటాడు. "వేళ్ళుండగా కాళ్ళెందుకండీ?" అని అలియాబాదులో ఒక ఇల్లాలు నన్ను నిలదీసింది. సబబైన ప్రశ్నే.

ఆ పెట్టె తీగె నాదాన్ని సెకండులో కొన్ని వెయ్యోవంతులు ఆలస్యంగా పలికిస్తుంది. ఆ ఆలస్యాన్ని అదేపనిగా పెంచుతూ తగ్గిస్తూ వుంటుంది. ఆలస్యపు నాదం ఒక్కటే వింటే స్వరం ఊగుతుంది. అది వైబ్రేటో. అసలు నాదంతో కలిపి వింటే ఇద్దరు ముగ్గురు కూడి వాయించినట్టుంటుంది. అది కోరస్. 1976లో జపాను బాస్ కంపెనీ తెచ్చిన సి.ఇ.-1 పెట్టెలో రెండూ వున్నాయి.

మామూలు మాండలినుకు ఈ కోరస్ పుట్టుకతోనే వుంది. దానివి జంట తీగెలు. జంటలో రవంత తేడా వుండనే వుంటుంది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆ నిండుదనాన్ని వదులుకున్నారు. ఎలక్ట్రిక్ మాండలినుకు ఒంటి తీగెలు అయిదు వేసుకుని, వేలితోనే గమకాలు పలికించారు.

ఎందుకంటారా? తోడిలో గాంధారం ఊగాలి, షడ్జ పంచమాలు నిలవాలి. పెట్టెకు ఆ వివక్ష లేదు. అన్నిటినీ ఒకే కొలతన ఊపేస్తుంది.

కనుక సినిమా పాటల సరదాకు పెట్టె కొనివ్వండి, తప్పులేదు. కాని ఏ స్వరం ఊగాలో, ఏది నిలవాలో ముందు వేలికి తెలియనివ్వండి. ఆ తెలివి ఏ దుకాణంలోనూ దొరకదు.