ఖాళీ క్యాచ్‌కు వకాల్తా ఎందుకు?

"మా ప్రోగ్రాం ఎప్పుడూ ఆగదు" అని గొప్పగా చెప్పుకునే సాఫ్ట్‌వేర్ బృందాలంటే నాకు భయం. కోడ్ తెరిచి చూస్తే ప్రతి ఫంక్షన్‌కూ ఒక ట్రై, దాని కింద ఖాళీ క్యాచ్, అంటే ఎక్సెప్షన్‌ను (నడుస్తుండగా ఎదురైన తప్పును) పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేసే కోడ్. ఎక్సెప్షన్ వచ్చిన సంగతి లాగ్‌లోనూ ఉండదు. తెర మీద మాత్రం పచ్చ టిక్కు! కస్టమర్‌కు ఎర్రర్ కనపడకపోవడమే నాణ్యత అన్న నమ్మకం మన కంపెనీల్లో పాతుకుపోయింది. అది తప్పుడు నమ్మకం.

హద్దు దాటితే దాన్ని దాచకుండా ఏం చేయవచ్చో చూడాలంటే నిజామాబాద్ సంగతే తీసుకోండి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బరిలో 185 మంది మిగిలారు. నోటాతో 186 మీటలు కావాలి. ఎం2 రకం ఈవీఎంకు నాలుగు బ్యాలెట్ యూనిట్లే తగిలించగలం, యూనిట్‌కు 16 చొప్పున 64తో సరి. ఆ హద్దు ఎంతో ముందే తెలుసు కాబట్టి ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోగలిగారు. 24 యూనిట్ల దాకా పట్టే ఎం3 యంత్రాలు తెప్పించారు. పోలింగ్ కేంద్రానికి 12 యూనిట్లు పెట్టారు. మాక్ పోల్‌కు ఎక్కువసేపు పడుతుందని ఏప్రిల్ 11న పోలింగ్‌ను ఉదయం 8కి మొదలుపెట్టారు. 65వ పేరును యంత్రం చడీచప్పుడు లేకుండా వదిలేసి "అంతా బాగుంది" అని ఉంటే ఊహించండి. మన ఖాళీ క్యాచ్ చేసే పని అదే.

అదే జిల్లా బోధన్‌లో 2017లో వాణిజ్య పన్నుల కుంభకోణం బయటపడింది. ఖజానాలో పడని పన్నును నకిలీ చలాన్లతో కట్టినట్టు చూపారన్నది అభియోగం. చలాన్‌కు జోడీ జమ కనపడనప్పుడు లెక్క అక్కడే ఆగి అరవాలి. అరవని లెక్క వల్ల ఎవరికి లాభమో చెప్పనక్కర్లేదు.

ఆగడమే ప్రమాదమనేవాళ్లు 1996 జూన్ 4న పేలిన ఏరియన్ 5 రాకెట్‌ను చూపిస్తారు. 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టక ఎక్సెప్షన్ వచ్చింది, దిశ చూసే కంప్యూటర్ ఆగిపోయింది. నిజమే. కానీ ఎక్సెప్షన్ వస్తే హార్డ్‌వేర్ చెడిందనే అనుకోవాలని, రెండో కంప్యూటర్‌కు పని అప్పగించాలని అక్కడి విధానం. రెండోదానిలోనూ అదే కోడ్! ఆలోచించకుండా ఆపడం కూడా ఆలోచించకుండా మింగడం లాంటి సోమరితనమే.

మరి ఎక్సెప్షన్ వస్తే ఏం చేయాలి? నెట్‌వర్క్ టైమౌట్ అయితే కొన్నిసార్లు మళ్లీ ప్రయత్నించవచ్చు. చెల్లింపైతే మాత్రం మొదటిది పడిందో లేదో చూసుకున్నాకే. చెరకు రైతుల బిల్లులు వేసే ప్రోగ్రాంలో ఒకరి తూకం సున్నా కన్నా తక్కువ వస్తే వందసార్లు ప్రయత్నించినా ఉపయోగం లేదు. ఆ రైతు బిల్లు ఒక్కటీ పక్కన పెట్టి, మనిషికి చూపించి, మిగతావి నడవనివ్వాలి. డబ్బు సగం నమోదై ఆగితే మొత్తం లావాదేవీని వెనక్కి తిప్పాలి. ఏ ఎక్సెప్షన్‌ను ఏం చేయాలో తెలుసో దాన్నే పేరు పెట్టి పట్టుకోవాలి. తెలియనిదాన్ని అసలు కారణంతో, బిల్లు నంబరుతో సహా పైకి పంపాలి.

ఈ రాత్రి రిలీజ్ ఉందని ఎంత తొందరపెట్టినా సరే, కోడ్ రివ్యూలో ఖాళీ క్యాచ్ కనిపిస్తే ఆ మార్పును ఆమోదించకండి.